ఖాళీ మేకు

నేను పుట్టుపిరికిదాన్ని. చిన్నప్పుడు బావిలోకి తొంగి చూడమంటే ఏడ్చేదాన్నట. మా అమ్మ నవ్వుతూ, "దీన్ని గట్టి గుండె ఉన్నోడికి ఇచ్చి చెయ్యాల" అనేది. ఆమె నోటి చలవ ఏమో గాని, గట్టి గుండె ఉన్నవాడే దొరికాడు. కోలారు బంగారు గనుల్లో, భూమి లోపల, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. బావిలోకి తొంగి చూడలేనిదాన్ని బావి అడుగున పనిచేసేవాడికి కట్టబెట్టారు. విధి వెక్కిరించడమంటే ఇదే కాబోలు అనుకున్నాను.

పెళ్ళయ్యాక ఇంకో సంగతి తెలిసింది. గనిలో ఏదైనా జరిగితే అందరూ పైకి పరిగెడతారు కదా, అప్పుడు కొందరు కిందికి దిగుతారు. ముక్కుకు గొట్టాలు తగిలించుకుని, ఇరుక్కున్నవాళ్ళను వెతకడానికి వెళ్ళే రెస్క్యూ వాళ్ళు. మా ఆయన అందులో ఉన్నాడు. "పెళ్ళికి ముందు ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే, "చెప్పింటే చేసుకునేదానివా?" అన్నాడు. చేసుకునేదాన్ని కాదు. ఆ మాట ఆయనకూ తెలుసు.

మా ఇల్లు కోరమండల్ లైన్లలో, గని కూలీల వరుస ఇళ్ళల్లో, ఉండేది. అక్కడ ఆడవాళ్ళకు చెవులు పాదాల్లో ఉంటాయి. ఎంతో లోతున రాయి ఒత్తిడికి తాళలేక పగిలితే, మా ఇంట్లో గూట్లో గిన్నెలు గలగలమనేవి. దాన్ని అందరూ 'బర్స్టు' అనేవారు. గిన్నె కదలగానే ప్రతి ఇంట్లో ఆడమనిషి చేస్తున్న పని ఆపి నిలబడిపోయేది. ప్రమాదమని గని హూటర్ కూయకపోతే మళ్ళీ పప్పు రుబ్బుకునేది. పక్కింటి ముసలమ్మ నాకు ధైర్యం చెప్పేది. "నాలుగు నెలలైతే అలవాటైపోతుందిలేమ్మా." నాలుగు ఏళ్ళైనా నాకు అలవాటు కాలేదు. గిన్నెలన్నీ గూట్లోంచి తీసి గోనెపట్టా మీద పెట్టుకున్నాను, చప్పుడు కాకుండా. చప్పుడు లేకపోతే ఇంకా భయం వేసింది. మళ్ళీ గూట్లోనే పెట్టాను.

ఇంట్లో ఒంటరిగా ఉంటే పిచ్చెక్కేలా ఉందని, లైన్ల చివర రేకుల షెడ్డులో బాలవాడి పెడుతున్నారంటే వెళ్ళి టీచరుగా చేరాను. గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్ళు గడిచాయి అప్పటికి. పదో తరగతి చదివిన ఆడమనిషి దొరకడమే వాళ్ళకు ఎక్కువ. నాకు తోడుగా ఒక ఆయా ఉండేది. తమిళ క్రైస్తవురాలు, గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆమె కొడుకు కూడా గనిలోనే.

పిల్లలకు అంకెలు నేర్పమన్నారు. ఎలా నేర్పాలి? ఒకడు మూడును 'మూణు' అంటాడు, ఇంకొకతె 'మూరు' అంటుంది, మావాళ్ళు 'మూడు' అంటారు. నేను మూడు అన్నప్పుడల్లా సగం మంది తెల్లమొహం వేసేవారు. ఆ మాట మా ఆయనకు చెబితే, ఆయన చిరిగిపోయిన పేకముక్కల కట్ట తెచ్చి ఒళ్ళో పడేశాడు. "దీనికి ఏ భాషా అక్కరలేదు. మూడు ఇస్పేటు ఎవడికైనా మూడే." రాజునూ రాణినీ జాకీనీ తీసేసి, మిగతావి నేల మీద పరిచాను. జత వెతకండి అన్నాను. పిల్లలు ఎగబడ్డారు. గుర్తులు లెక్కపెట్టడం, పక్కన ఉన్న అంకె చూడడం, అలాంటిదే ఇంకో ముక్క వెతకడం, దొరకగానే రెండూ కలిపి నేలకేసి చరచడం. ఆ చరిచే పద్ధతి ఎక్కడ చూశారో నాకు తెలుసు, ప్రతి లైన్లోనూ ఆదివారం మధ్యాహ్నం జరిగేదే.

రెండోరోజు ఒక తల్లి కొంగు బిగించుకుని వచ్చింది. "ఏందమ్మా టీచరమ్మా, మొగోళ్ళు ఆడి సంసారాలు ఆర్పింది చాలదా, పసిబిడ్డలకు కూడా నేర్పిస్తా ఉండావా?" ఆమెతో వాదించి గెలవడం నా వల్ల కాలేదు. సబ్బుపెట్టెల అట్టలు కత్తిరించి, ఒకవైపు అంకె, ఒకవైపు అన్ని చుక్కలు వేసి కొత్త కార్డులు చేశాను. పేకముక్కలు మాత్రం పారెయ్యలేదు. వాన రోజుల్లో తలుపేసి ఆడించేదాన్ని.

మేకుల పలక సంగతి ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే నా ప్రాణం తీసింది అదే, నిలబెట్టిందీ అదే. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ళ, టోకెన్, ఉంటుంది. కిందికి దిగే నిలువు సొరంగం, షాఫ్టు, దగ్గర టైమాఫీసులో గోడంతా కొక్కేలు. దిగేటప్పుడు కొక్కెం మీది బిళ్ళ తీసుకుని వెళ్ళాలి, పైకి వచ్చాక కిటికీలో తిరిగి ఇవ్వాలి, టైంకీపరు దాన్ని కొక్కేనికి తగిలిస్తాడు. బిళ్ళ లేకుండా ఎవరినీ కేజీ, అంటే మనుషులను దింపే ఇనప బోను, ఎక్కనివ్వరు. కొక్కెం ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. మా బాలవాడి పిల్లలకు పాలతో పాటే తెలిసిన విషయం ఇది. మూలలో కూర్చుని బిళ్ళల ఆట ఆడుకునేవారు. దాన్నే పాఠం చేద్దామనుకున్నాను. మా ఆయన ఒక పలకకు మేకులు కొట్టిచ్చాడు. ప్రతి మేకు కింద రంగుతో ఒక అంకె. ప్రతి పిల్లకూ దారం కట్టిన కార్డు. పొద్దున రాగానే తన అంకె వెతుక్కుని కార్డు మెడలో వేసుకోవాలి. సాయంత్రం వెళ్ళేటప్పుడు అంకెకు అంకె జత చూసి తగిలించాలి.

నేను పెట్టింది అంతవరకే. మిగతా చట్టమంతా పిల్లలే రాసుకున్నారు. తగిలించకుండా గడప దాటితే పట్టుకుని లాక్కొచ్చేవారు. "నువ్వింకా లోపలే ఉండావురా! ఇంటికెట్లా పోతావు?" అని అరిచేవారు. ఒకరోజు నేను చీపురు పుచ్చుకుని బయటికి వెళ్తుంటే, "టీచరమ్మా, నీ కార్డు యాడ?" అని నన్నే నిలదీశారు. నాకూ ఒక కార్డు చేయించారు, సున్నా అంకెతో. వాళ్ళకు అది పెద్ద నవ్వు. నేను మాత్రం రోజంతా ఆ ఖాళీ మేకుల వరుస కనబడకుండా పలకకు వీపు పెట్టి కూర్చునేదాన్ని. సాయంత్రం అన్నీ నిండాకే ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఆ పిల్లల్లో ఒక నాలుగేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళమ్మ కాన్పుకని కోలారు పక్కన సుగటూరులో పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో నాయన, అవ్వ. నాయన గనిలో రాయి తోడే పని. ఈ పిల్లకు ఒకటి, రెండు, మూడు అంటే అస్సలు పట్టేది కాదు. కార్డులు పరిస్తే నాలుగు, సున్నా, ఏడు మాత్రం ఏరుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మిగతావి బంగారు పళ్ళెంలో పెట్టి ఇచ్చినా తోసేసేది. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు. ఒకరోజు "మీ నాయన పేరేమి?" అని అడిగితే, "నాలుగు సున్నా ఏడు" అంది. ఆయా పగలబడి నవ్వింది. నవ్వాల్సింది ఏముంది? గని గేటు దగ్గర ఎవరైనా వాళ్ళ నాయనను పిలిచేది ఆ నంబరుతోనే.

ఆ రోజు పొద్దున అవ్వ ఆ పిల్లను గడప దగ్గర దింపి, నాతో మాటైనా మాట్లాడకుండా రేషన్ అంగడికి పరిగెత్తింది. గోధుమలు వచ్చాయట, వరుస పెద్దదట. పిల్ల కుడి పిడికిలి మూసుకునే ఉంది. కార్డు ఎడమచేత్తోనే తీసుకుని మెడలో వేసుకుంది. "ఏముంది చేతిలో?" అంటే చేయి వెనక్కు దాచుకుంది. బెల్లం ముక్క అయి ఉంటుందిలే అని వదిలేశాను.

ఎండ షెడ్డు నడిమికి వచ్చేసరికి నేల కదిలింది. మామూలు కదలిక కాదు. పరిచిన కార్డులు ఎగిరి పడ్డాయి, రేకులు దడదడలాడాయి, పలక గోడ మీద నుంచి ఒకవైపుకు జారింది. నేను కూర్చున్నచోటే కూర్చుండిపోయాను. పిల్లలు నా మొహం చూశారు. తర్వాత హూటర్ మొదలైంది. ఆగలేదు. కూస్తూనే ఉంది.

"యేసప్పా! నా కొడుకు!" అంటూ ఆయా చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. బయట లైన్లన్నీ తెరుచుకున్నాయి. ఎసట్లో బియ్యం వేసినవాళ్ళు వేసినట్టే, స్నానానికి నీళ్ళు తోడుతున్నవాళ్ళు తోడుతున్నట్టే, ఆడవాళ్ళందరూ షాఫ్టు వైపు పోతున్నారు. ఎవరూ ఏడవడం లేదు. అక్కడ అదొక పట్టింపు. పోయినవాళ్ళ నంబరు చెప్పేవరకు ఎవరూ ఏడవకూడదు, ఏడిస్తే కీడు. అన్ని అడుగుల చప్పుడు, ఒక్క గొంతు లేదు. అది వినడం కంటే ఏడుపు వినడమే నయం.

నాకూ పరిగెత్తాలనే ఉంది. మా ఆయన ఆ రోజు పొద్దుటి షిఫ్టు కాదు, పైనే ఉన్నాడు. కాని హూటర్ కూసిందంటే ఆయన ఈపాటికి ముక్కుకు గొట్టం తగిలించుకుంటూ ఉంటాడు. ఆ సంగతి నాకు తెలుసు. పిల్లలను వదిలి కదలడానికి లేదు. తలుపు దగ్గరగా వేసి, కింద పడిన కార్డులు ఏరి మళ్ళీ పరిచాను. "రండి, జత వెతుకుదాం" అన్నాను. నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినబడింది. ఆరు కార్డు ఎత్తి, "ఇది ఎన్ని?" అని అడిగి, నేనే "అయిదు" అన్నాను. "అయిదు కాదు టీచరమ్మా, ఆరు" అన్నారు. చుక్కలు లెక్కపెడదామని వేలు పెడితే వేలు నిలవలేదు. ఒక పిల్ల నా వేలు పట్టుకుని, ఒక్కో చుక్క మీద పెట్టి, తానే లెక్కపెట్టింది. ఏడ్వకూడదని పళ్ళు బిగబట్టాను.

కాసేపటికి గేటు వాచ్‌మన్ సైకిలు మీద వచ్చాడు, చెమటలు కక్కుతూ. గుమ్మంలో కాలు ఆనించి అడిగాడు.

"అమ్మా, ఫోర్ జీరో సెవెన్ ఇల్లు యాడుండాదో తెలుసునా? మూడో లైనంటే పోయినాను, బీగమేసుండాది."

"ఎందుకప్పా? ఏమైంది?"

"అందరూ పైకి వచ్చేసినారు తల్లీ, కాళ్ళిరిగినోళ్ళు, చేతులిరిగినోళ్ళు, అందరూ. ఆయా కొడుకు కూడా. ఆ ఒక్క టోకెనే రాలేదు. నైట్ షిఫ్టు వాడు, పొద్దన్నే టోకెన్ ఇయ్యలేదు, డబుల్ షిఫ్టు చేస్తా ఉండాడేమో అనుకున్నారంట. ఇంగ లోపలే ఉండాడు. పగిలిన లెవెల్‌లోకి రెస్క్యూ వాళ్ళను దింపతా ఉండారు." అప్పుడు నేనెవరో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. "మీ ఆయన కూడా... భయపడద్దమ్మా, దేవుడుండాడు."

దేవుడు ఉన్నాడని చెప్పి సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. రాయి ఒకసారి పగిలితే మళ్ళీ పగులుతుంది. ఆ మాట అక్కడ మూడేళ్ళ పిల్లకైనా తెలుసు. పగిలి ఇంకా కుదురుకోని చోటుకు మా ఆయన పోతున్నాడు. గోడ పట్టుకుని నిలబడ్డాను. 

అప్పుడు ఆ పిల్ల లేచింది. వాచ్‌మన్ చెప్పిన మాటల్లో దానికి అర్థమైనవి మూడే, వాళ్ళ నాయన నంబరు. టైమాఫీసు వాళ్ళు ఇంగ్లీషులో పిలవడం దానికి కొత్త కాదు. ఒరిగిన పలక దగ్గరకు వెళ్ళి, తన మేకు వెతికి, పిడికిలి విప్పి, ఏదో తగిలించింది. టంగుమని మోగింది. నేను దగ్గరకు వెళ్ళి చూశాను. ఇత్తడి బిళ్ళ. నాలుగు, సున్నా, ఏడు.

"నాయన లోపల లేడు," అంది పిల్ల. "వచ్చేసినాడు. నేను తగిలించినాను."

 మోకాళ్ళ మీద కూలబడి దాని భుజాలు పట్టుకున్నాను. "ఇది నీకెక్కడిదే? నాయన యాడ?"

"రైలెక్కినాడు. అమ్మ కాడికి. తమ్ముడొస్తాడంట."

"ఎప్పుడు?"

"పొద్దన్న. తెల్ల చొక్కా ఏసుకోని పోయినాడు. ఇది అవ్వకిచ్చినాడు, పక్కింటి మామకియ్యమని. అవ్వ గూట్లో పెట్టింది. నేను తెచ్చుకున్నాను, నా మేకుకి."

ఆలోచిస్తే అంతా కుదురుతోంది. షిఫ్టు దిగి పైకి రాగానే కాన్పు కబురు అంది ఉంటుంది. కిటికీ దగ్గర వరుసలో నిలబడితే మారికుప్పం స్టేషనులో రైలు తప్పిపోతుంది. బిళ్ళ జేబులో వేసుకుని ఇంటికి పరిగెత్తి, మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళే పక్కింటివాడికి ఇమ్మని తల్లికి చెప్పి రైలెక్కి ఉంటాడు. చాలామంది చేసే పనే, నలుగురికీ తెలిసిన తప్పే. గేటు దగ్గరికి పోయి, ఆ మనిషి లోపల లేడని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అవ్వ గోధుమల వరుసలో నిశ్చింతగా నిలబడి ఉంటుంది, కొడుకు ఊళ్ళో లేడు కదా అని. నంబరు విన్నా ఆమెకు అది ఎవరిదో తెలియదు. తెలిసింది ఈ ఒక్క పిల్లకే.

కాని ఇది నాలుగేళ్ళ పిల్ల. ఒకటి రెండు చెప్పడం రాని పిల్ల. నిన్నటి మాట ఇవాళ్టిదిగా చెబుతోందేమో? ఆ బిళ్ళ పాతదేమో, అరిగిపోయిందని కొత్తది ఇచ్చారేమో? నాయన రైలెక్కడం కలలో చూసిందేమో? దీని మాట పట్టుకుని నేను వెళ్ళి చెబితే, వెతకడం ఆపేస్తే, ఆ మనిషి నిజంగానే లోపల రాళ్ళ కింద ఉంటే? నా మొగుణ్ణి కాపాడుకోవడానికి దీని నాయనను చంపినదాన్ని అవుతాను. చెప్పకపోతే, లేని మనిషి కోసం నా మొగుడు పోతాడు. బిళ్ళ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాను. చెమటకు జారిపోతోంది. అంత భయం నా జన్మలో ఎరగను. 

నిర్ణయం నేను చేసేది కాదు, బిళ్ళ వాళ్ళ చేతిలో పెట్టడమే నా పని అనుకున్నాను. పిల్లలను వదిలి పోలేను, పిల్లతో పాటు అందరినీ తీసుకుపోవాల్సిందే. బావి తాడు విప్పి తెచ్చి, "అందరూ పట్టుకోండి, వదిలితే దెబ్బలు పడతాయి" అన్నాను. నేను పిల్లలను ఎప్పుడూ కొట్టలేదు. నా మొహం చూసి నమ్మినట్టున్నారు, ఒక్కరూ వదల్లేదు. మెడల్లో కార్డులతో తాడు పట్టుకుని బయల్దేరాం. ఆ పిల్లను చంకనెత్తుకున్నాను. బిళ్ళ మళ్ళీ దాని పిడికిట్లోనే పెట్టాను, నా చేతిలో నిలవదని.

తారు రోడ్డు కాలిపోతోంది. పిల్లలకు చెప్పులు లేవు. పక్కన మట్టి మీద నడిపించాను. పరిగెత్తించలేను, ఆగలేను. వెనక్కి తిరిగి ఒక్కో కార్డూ చదువుకుంటూ నడిచాను, ఎవరూ జారిపోలేదని చూసుకోవడానికి. నేను తడబడిన చోట పిల్లలే అరిచారు, "ఎనిమిది ఉండాడు టీచరమ్మా, ఈడుండాడు!" ఇంకో పిల్లకు ఇదంతా ఊరేగింపులా ఉంది కాబోలు, పాట ఎత్తుకుంది. నోరు మూయమనడానికి కూడా నాకు ఊపిరి లేదు.

గేటు దగ్గర ఆడవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. తాడు పట్టుకున్న పిల్లలను చూసి దారి ఇచ్చారు. తమవాళ్ళు పైకి వచ్చాక కూడా ఎవరూ ఇంటికి పోలేదు, ఆ ఒక్కడి కోసం. ఆయా నన్ను చూసి, "ఏమ్మా, బిడ్డలను ఎందుకు తెచ్చినావు?" అని ఎదురొచ్చింది. తాడు ఆమె చేతికిచ్చి టైమాఫీసు కిటికీ దగ్గరకు పోయాను.

"దిగినారా?" అని అడిగాను.

"దిగిపోయినారమ్మా," అన్నాడు టైంకీపరు. తల నెరిసిన మనిషి, కన్నడంవాడు, మా తెలుగు బాగానే మాట్లాడతాడు. "ఇప్పుడే కేజీ కిందికి పోయింది. నువ్వు పక్కకు జరుగు."

నేను పిల్ల చెయ్యి ఎత్తి కిటికీలో పెట్టాను. "విప్పు తల్లీ." విప్పదే! కొత్తవాళ్ళను చూసి బిగుసుకుపోయింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "విప్పవే నీకు పుణ్యముంటుంది! నాయన బిళ్ళ చూపించవే!" అని అరిచాను. అప్పుడు విప్పింది. టైంకీపరు బిళ్ళ చూసి, పిల్లను చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ బిళ్ళ చూశాడు.

"ఇది పాతదా? వేరేది ఇచ్చినారా వాడికి?" అని అడిగాను.

"ఒక మనిషికి ఒకటే," అన్నాడు. "ఇది లేకుండా నేను ఎవరినీ దింపను. ఇది ఈడుంటే వాడు ఆడ లేడు." అని కుర్చీ తన్నేసి ఫోను దగ్గరకు పరిగెత్తాడు.

ఫోను షాఫ్టు అడుగు వరకే. అక్కడి మనిషి ఎత్తాలి, ఎత్తినవాడు సొరంగంలో పరిగెత్తి ముందుకు పోయినవాళ్ళను వెనక్కి పిలవాలి. టైంకీపరు ఫోనులో అరుస్తున్నాడు, "వాపస్, వాపస్! మనిషి లేడు, వాపస్ రమ్మను!" ఫోను పెట్టేసి, ఏం చేయాలో తోచక, పిల్లను కిటికీలోంచి లోపలికి తీసుకున్నాడు. "యాడ తగిలించాలో చూపిస్తావా?" అని గోడ ముందు ఎత్తి పట్టుకున్నాడు. గోడంతా ఇత్తడి, మధ్యలో అక్కడక్కడ ఖాళీ కొక్కేలు. పిల్ల వాటి కింద రాసిన నంబర్లు ఒక్కొక్కటే వేలితో తాకుతూ పోయింది. ఇది కాదు. ఇది కాదు. ఆగింది. తగిలించింది.

"ఈ మామలంతా లోపలుండారా?" అంది, మిగతా ఖాళీలు చూపించి.

ఆ ఖాళీల్లో మా ఆయనది ఏదో నాకు తెలుసు. కిటికీ ఇవతల నుంచి దాన్నే చూస్తూ నిలబడ్డాను.

నేల మళ్ళీ కదిలింది. మొదటిదానికంటే పెద్దది. గోడ మీది బిళ్ళలన్నీ ఒక్కసారి మోగాయి. పిల్లలు కేకలు పెట్టారు. టైంకీపరు పిల్లను గుండెకు అదుముకుని వంగిపోయాడు. ఆడవాళ్ళ గుంపులోంచి ఎవరో "అమ్మా..." అన్నారు, ఇంకెవరో ఆమె నోరు నొక్కారు. నేను పిలవని దేవుడు లేడు ఆ క్షణంలో, మా ఊరి గంగమ్మ మొదలు ఆయా దేవుడి దాకా. ఫోను మోగలేదు. కేజీ తాడు కదలలేదు. షాఫ్టు పైన ఆ తాడు లాగే చక్రం కదలకుండా నిలబడి ఉంది. ఎంతసేపని చెప్పను? నాకు లెక్క తెలియలేదు. ఆయా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏదో ప్రార్థన గొణుగుతోంది. నా చేతిగోళ్ళు ఆమె చేతిలో దిగి రక్తం వచ్చిందని తర్వాత చూపించింది.

చక్రం తిరిగింది.

కేజీ తలుపు తీస్తే మొదట దుమ్మే బయటికి వచ్చింది. దాని వెనక మనుషులు, పిండి మరలోంచి వచ్చినట్టు తెల్లగా. ఎవరు ఎవరో తెలియదు. ఒకరి నడక చూసి గుర్తుపట్టాను, కొంచెం ఎడమకు ఒరిగే నడక. నేను అరిచానో, ఏడ్చానో. ఏడవకూడదన్న పట్టింపు ఎవరికీ గుర్తులేదు ఇంక. ఆయన నా దగ్గరకు వచ్చి, దగ్గి, ఉమ్మి, అన్న మొదటి మాట ఇది.

"బిడ్డలను ఎండలో నిలబెట్టినావా? బుద్ధుండాదా నీకు?"

ఆ తిట్టు వినడానికే పుట్టాననిపించింది. చెయ్యి పట్టుకున్నాను, వదల్లేదు. పిలుపు వినబడి వెనక్కి తిరిగి కొంచెం దూరం వచ్చామని, అంతకుముందు తాము నిలబడిన చోటు వెనకే మూసుకుపోయిందని ఎవరో ఎవరికో చెబుతున్నారు. నాకు వినాలని లేదు. తాడు పట్టుకున్న పిల్లలను అప్పటికే ఎవరి తల్లులు వాళ్ళు ఎత్తుకుంటున్నారు. "ఇంటికి పోదాం పా," అన్నాను. ఆయన కాళ్ళు కూడా వణుకుతున్నాయి. గట్టి గుండె మనిషి వణకడం నేను చూడడం అదే మొదటిసారి. నా వెంట గేటు వైపు నడిచాడు.

గేటు దగ్గర, టైంకీపరు ఎప్పుడు దింపాడో, ఆ పిల్ల అడ్డంగా నిలబడింది, రెండు చేతులూ చాచి, బాలవాడి గడప దగ్గర నిలబడినట్టే.

"మామా, నీది?"

ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. పిల్ల ఆయన పిడికిలి చూపించింది. ఆయన విప్పి చూసుకున్నాడు. దుమ్ము కొట్టుకుపోయిన చేతిలో ఇత్తడి బిళ్ళ, అంచులు అరచేతిలో దిగిపోయి. ఇన్నేళ్ళలో బిళ్ళ ఇవ్వడం ఒక్కనాడూ మర్చిపోని మనిషి.

"తగిలించకపోతే లోపలే ఉండావు," అంది పిల్ల. "టీచరమ్మ ఏడుస్తాది."

ఆయన పిల్లను ఎత్తుకుని కిటికీ దగ్గరకు వెనక్కి వెళ్ళాడు. నేను గేటు పట్టుకుని నిలబడి, ఆ కొక్కెం నిండేవరకు చూశాను.